పక్కింట్లో లంగరు వేసిన మూట

మాది పుంగనూరుకు దగ్గర మెట్ట పల్లె. మా ఊళ్ళో ట్రాక్టర్లున్నాయి, బోర్లున్నాయి, నీళ్ళు పడక మట్టి పోసి పూడ్చేసిన బోరుగుంతలూ ఉన్నాయి. పడవ మాత్రం లేదు. పడవ ఉండాలంటే ముందు నీళ్ళుండాలి కదా. మా చెరువు ఎప్పుడైనా నిండిందంటే ఊరంతా పనులు మానుకొని కట్ట మీదికి వెళ్ళి, కొత్త పెండ్లికూతురిని చూసినట్టు చూసి వస్తాము. అలాంటి ఊళ్ళో ఉంటూ, అరవై దాటిన నేను, దీవుల మధ్య చిన్న పడవలో తీరిగ్గా తిరగడానికి, గాలీ సద్దూ లేని చోట లంగరు వేసుకొని కూర్చోవడానికి రూళ్ళ నోటుబుక్కులో పదకొండు పేజీలు రాసుకున్నాను. మా ఆయన ఆ బుక్కును తిరగేసి చూసి, "నీళ్ళు సూడల్లంటే తొట్టి నింపి సూపిస్తా రా, దానికింత రాతలా?" అన్నాడు.

ఈ పిచ్చికి మూలం మా అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఆమెను అయిదో తరగతి దాకా చదివించారు. నా వంతు వచ్చేసరికి ఇంట్లో మేకలు ఎక్కువయ్యాయి, కాబట్టి నేను మేకల వెనక పోయాను. అంగడి నుంచి బెల్లం ఏదో వారపత్రిక కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. బెల్లం డబ్బాలోకి పోయాక ఆ కాగితం మా ఇద్దరిదీ. అక్క చదివేది, నేను వినేదాన్ని. అలా వచ్చిన ఒక కాగితంలో ఎవరో ఒకాయన చిన్న పడవలో దీవుల మధ్య తిరుగుతాడు. తొందరేమీ లేదు. సాయంకాలం రెండు దీవుల నడుమ గాలి తగలని చోటు చూసుకొని లంగరు వేస్తాడు. "అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే" అనే దగ్గర కాగితం చిరిగిపోయింది.

ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు తెలియాలి. "ఎంతక్కా?" అని ప్రాణం తీసేదాన్ని. అక్క ప్రతిసారీ ఒకటి చెప్పేది. ఒకరోజు "చేప ఆవలిస్తే వినపడేంత". ఇంకొకరోజు "అమ్మ తిట్లు వినపడనంత". రెండోదే నాకు బాగా నచ్చింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై అయిదో ఏట, బడి వరండాలో మధ్యాహ్నాలు పెట్టిన తరగతిలో. చదువు వస్తే వెలుగు వస్తుందని అక్కడ గోడ మీద రాసి పెట్టారు. నాకు మొదట వచ్చింది వెలుగు కాదు, కోపం. ఇంటికి వచ్చే పెండ్లి పత్రికలు అంతకాలం మా ఆయనే చదివి, "నన్ను రమ్మని రాసినారు" అని చెప్పి, చొక్కా వేసుకొని పోయేవాడు. నేనే కూడబలుక్కుని చదివిన మొదటి పత్రికలో "సకుటుంబ సపరివార సమేతముగా" అని ఉంది. ముప్పై అయిదేళ్ళ పెండ్లి భోజనాలు ఆ ఒక్క మాటలో నాకు కనిపించాయి. అడిగితే, "అది అందరికీ ఊరికే ఏసే మాటలే" అన్నాడు.

అక్క కాపురం కుప్పంలో. రెండేళ్ళ కిందట ఆమె నడుస్తూ నడుస్తూ గుమ్మాలకు, పక్కన నిలబెట్టిన సైకిళ్ళకు తగలడం మొదలుపెట్టింది. కంటి డాక్టరు దగ్గరికి నేనే తోడు పోయాను. ఆయన యంత్రాల్లో చూసి, నీటికాసులు అన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు పక్కల నుంచి మధ్యకు తరిగిపోతూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, మిగిలిన నడిమి చూపు చుక్కల మందుతో కొంతకాలం నిలవవచ్చని చెప్పాడు. ఎంతకాలమో చెప్పలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక అక్క అంది:

"పక్కన ఉండేటివి కనపడవంట. మంచిదే లేమ్మే. మీ బావ ఎప్పుడూ పక్కనే కదా కూసుంటాడు."

నేను నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపే మళ్ళీ అంది: "ఆ బెల్లం కాగితం గుర్తుండాదా? ఆ పడవాయప్పది. అట్లాంటి సోటు ఒగటి, కండ్లుండంగానే సూసుంటే బాగుండు." వెంటనే కొంగు దులుపుకొని లేచింది. "ఊరికే అంటి. మనకేం గతి పట్టె పడవలెక్కను."

అక్క ఊరికే అనే మాటలు చాలా తక్కువ. చూపు ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ చెప్పలేనప్పుడు తొందరపడాలి. కానీ నేను చేయాల్సింది తీరిగ్గా తిరిగే ప్రయాణం. తీరిక కోసం ఇంత తొందరపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా దిక్కున పడవల గురించి తెలిసిన మనిషి ఒక్కతే. పుంగనూరు సంతలో ఎండు చేపలు అమ్మే ఆమె. సరుకు పులికాట్ సరస్సు దిక్కు నుంచి తెస్తుంది. ఆ సరస్సులో దీవులున్నాయా అని అడిగితే, "ఊళ్ళే ఉండాయి దీవుల్లో" అని, తన తమ్ముడు పడవ నడుపుతాడని ఫోన్ నంబరు చెప్పింది. నేను అక్కడే నిలబడి నంబరు రాసుకున్నాను. ఎండు చేపలు కొనకుండా నంబరు రాసుకున్నందుకు ఆమె చూసిన చూపుకు తలొగ్గి, ఒక వారానికి సరిపోయే నెత్తళ్ళు కూడా కొన్నాను.

పడవాయనకు ఫోన్ చేసినప్పుడు మా ఆయన కూడా వినాలని స్పీకరు పెట్టమన్నాడు.

"ఎంతమందమ్మా?" అన్నాడు పడవాయన.

"ముగ్గురమప్పా. నేను, మా అక్క, మా ఇంటాయన."

"ఏ దిబ్బకి? పెళ్ళికా?" దీవుల్ని వాళ్ళు దిబ్బలంటారు.

"కాదు."

"సావుకా?"

"అయ్యో, కాదప్పా. ఊరికే. దిబ్బల మధ్యలో మెల్లగా తిరగల్ల. యాడ సద్దు లేదో ఆడ ఆపల్ల."

"ఆపి?"

"కూసుంటాము."

"ఇంజిను చెడితే తప్ప నీళ్ళ మధ్యలో ఎవురూ ఆపమనరమ్మా," అన్నాడు పడవాయన. "సరే, ఆపతా. నాదేం పోయింది."

"లంగరుండాదా?"

"మోకుకి రాయి కట్టుంటాది. అది చాలదా?"

చాలునని రాసుకున్నాను. ఇక ఎప్పుడు పోవాలన్నది మిగిలింది. మా ఇంట్లో పని లేని కాలం ఒక్కటే. వైశాఖం. అప్పటికి బోరు గాలి తప్ప ఏమీ పోయదు, చేలో పైరుండదు, ఆవుల్ని మా మరిది చూసుకుంటాడు. బోరు ఎండితేనే మాకు సెలవు. పుట్టినప్పటి నుంచి మాకు తీరిక అంటే అదే కాబట్టి, దాని గురించి ఎవరమూ రెండోసారి ఆలోచించలేదు.

"వైశాఖంలో వస్తాము," అన్నాను.

"ఎండాకాలం నీళ్ళు తగ్గుద్దమ్మా."

తగ్గుతుంది అన్న మాట వినగానే మా ఆయన ఫోను దగ్గరికి జరిగాడు. ఆయనకు బావిలో ఈత వచ్చు. కానీ బావికి నాలుగు పక్కలా గోడలుంటాయి, అలిసిపోతే పట్టుకోవచ్చు. గోడల్లేని నీళ్ళంటే ఆయనకు లోపల దడ. పైకి చెప్పడు.

"తగ్గితే యా మాత్రం లోతుంటాదప్పా?"

"కొన్నిచోట్ల మోకాలి లోతు కూడా ఉండదయ్యా."

"శానా మంచిది," అని మా ఆయన వెనక్కి ఆనుకున్నాడు. పడవాయన ఇంకేదో చెప్పబోతుంటే, "వైశాఖమే ఖాయం" అని ఫోను కట్టేశాడు.

జన్మంతా చెరువులు ఎండడం చూసినవాళ్ళము. ఏ నెలలో ఏ బావి అడుగు కనిపిస్తుందో నిద్రలో కూడా చెప్పగలము. కానీ సముద్రానికి ఆనుకొని ఉండే నీళ్ళు కూడా మన చెరువుల్లాగే చేస్తాయని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కరువు మా సొంత ఆస్తి అనుకున్నాము.

మంచి ఘడియ అడగడానికి గుడి అయ్యవారి దగ్గరికి పోయాను. అక్క నక్షత్రానికి వైశాఖంలో ఏ రోజూ పొసగలేదు. ఆయన వేలి కణుపులు లెక్కబెట్టి, ఫాల్గుణంలో ఒక బుధవారం పొద్దున తప్ప వేరే దారి లేదన్నాడు. అంటే ప్రయాణానికి రెండు నెలల ముందే. మా ఇళ్ళల్లో దీనికొక పద్ధతి ఉంది. మంచి ఘడియకు మనిషి బయల్దేరలేకపోతే, మనిషి బదులు మూట బయల్దేరుతుంది. కట్టుకునే బట్ట ఒకటి, గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ము, వక్కలు మూటగట్టి ఆ ఘడియకు గడప దాటించి పక్కింట్లో పెడతాము. ఇక ప్రయాణం మొదలైనట్టే లెక్క. అసలు పోయేరోజు మూటను తీసుకొని పోతాము. ప్రయాణం పూర్తి కాకుండా ఆ మూట మళ్ళీ గడప లోపలికి రాకూడదు. వస్తే, ఎవరి కోసం బయల్దేరామో వాళ్ళకు మంచిది కాదంటారు.

అక్కను తన ఆకుపచ్చ చీర ఒకటి కుప్పం నుంచి బస్సులో పంపించమన్నాను. మూటగట్టాను. బుధవారం పొద్దున గడప దాటించి పక్కింటామె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని గూట్లో పెట్టి, ఊరంతా చాటింది.

"మీ పడవ మా ఇంట్లో లంగరేసిందొదినా!" నేను బయటికి వచ్చినప్పుడల్లా ఇదే పాట. "రేయి అలలు కొట్టి నాకు నిద్ర పట్టలే." ఇంకో రోజు: "మా పిల్లి మీ మూట మీద పండుకోని ఈనేట్టుండాది. పిల్లల్ని కూడా పడవెక్కిస్తారా?"

"ఎక్కిస్తాము. నిన్ను తప్ప," అన్నాను.

నోటుబుక్కు పని సాగింది. తిండి ఒక పేజీ: సంగటి ముద్దలు, శెనిగ్గింజల చట్నీ, ఊరుమిండి పచ్చడి, మజ్జిగ. నీళ్ళు ఒక పేజీ: రెండు పెద్ద క్యాన్లు. నీళ్ళ మీదికి నీళ్ళు మోసుకుపోతారా అని మా ఆయన నవ్వాడు. పడవ కింద ఉండేవి ఉప్పునీళ్ళు అని నేను చదివాను, ఆయన చదవలేదు. ఆగే చోట్లు ఒక పేజీ. వాటి పేర్లు నాకు తెలియవు కాబట్టి, మొదటి ఆగుడు గాలి తగలని చోట, రెండోది పక్షులుండే చోట, మూడోది అక్కకు నచ్చిన చోట అని రాశాను. ఇంతలో మా ఆయన మదనపల్లె మార్కెట్టుకు పోయినప్పుడు పంక్చరు అంగడిలో పాత లారీ ట్యూబు ఒకటి సంపాదించుకొని వచ్చాడు. గాలి కొట్టి పెరట్లో వేలాడదీశాడు. "మోకాలి లోతుకు ట్యూబు యాలయ్యా?" అంటే, "మోకాలు మీద పడితే?" అన్నాడు.

వైశాఖంలో బయల్దేరాము. అక్క ముందురోజే కుప్పం నుంచి వచ్చింది. పక్కింటామె మూట తెచ్చి ఇస్తూ, "పిల్లి ఏడుస్తాండాది" అని చెప్పింది. తిరుపతిలో సత్రంలో దిగి, మరుసటి పొద్దున సూళ్ళూరుపేట బస్సు, అక్కడి నుంచి ఆటో. మా ఆయన ట్యూబును బస్సు వెనక సీటులో కూర్చోబెట్టి, దానికి పక్కన తాను కూర్చున్నాడు. ట్యూబుకు కూడా టిక్కెట్టు కొట్టాలన్నాడు కండక్టరు. నేను నీళ్ళ క్యాన్లు కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. అక్క మూటను ఒడిలో పెట్టుకుంది.

ఆటో రేవు దగ్గర ఆగింది. రేవు అని అక్కడ బోర్డు ఉంది, నేనే చదివాను. బోర్డు తప్ప అక్కడ రేవు లేదు. కనుచూపు మేర తెల్లగా, బూడిదగా ఎండిన నేల, దాని మీద మా చెరువులో పడినట్టే పగుళ్ళు. దూరంగా చెట్లతో ఎత్తుగా కనిపిస్తున్నవి దీవులంట. వాటి వైపు ఒక ట్రాక్టరు దుమ్ము లేపుకుంటూ పోతోంది. ఒడ్డుకు కొంచెం అవతల నీలం రంగు పడవ ఒకటి పక్కకు ఒరిగి బురదలో కూర్చొని ఉంది. రాయి కట్టిన మోకు దాని ముందు నేల మీద పడి ఉంది.

మేము అరవై ఏళ్ళుగా పారిపోవాలనుకుంటున్న చోటికే, రెండు బస్సులు మారి, ఆటో కట్టుకొని, నీళ్ళు మోసుకొని వచ్చాము.

పడవాయన తలకు తువ్వాలు చుట్టుకొని ఎదురొచ్చాడు. "సెప్పినా గదమ్మా తగ్గుద్దని," అన్నాడు.

"ఇది తగ్గడమాప్పా?" అన్నాను.

"మరి? పూర్తిగా పోయేది జ్యేష్ఠంలో."

మా ఆయన కిందికి దిగాడు. చెప్పులు విడిచి, వేళ్ళతో పగులు కింది మట్టిని తీసి నలిపి వాసన చూశాడు. "మన నేలే," అన్నాడు. అప్పటిదాకా ఆయన ఎత్తిపొడుపులన్నీ భరించినదాన్ని, ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు వచ్చింది. నోటుబుక్కు పట్టుకొని ముఖం పక్కకు తిప్పుకున్నాను. అక్కకు పక్కన ఉన్నవి కనపడవు కాబట్టి అక్కడ నిలబడితే కనపడనని నా నమ్మకం.

"ఏడుపు సాల్లేమ్మే," అంది అక్క, ఎదురుగా చూస్తూనే. "కనపడకుంటే ఇనపడదా? రా, పడవెక్కుదాము."

"ఏ పడవక్కా? అది బురదలో ఉండాది."

"పడవ కదా. ఎక్కల్ల."

ఎక్కాము. పడవాయన నిచ్చెన లాంటిది వేశాడు. మా ఆయన ట్యూబును పడవలో పరిస్తే అక్క దాని మీద రాణిలా కూర్చుంది. కొంగు సర్దుకొని, "ఆ బుక్కు తియ్యి. ఏం రాసినావో సదువు," అంది.

నాకు సిగ్గేసింది. అయినా చదివాను. "మొదటి ఆగుడు. గాలి తగలని చోట."

అక్క చెయ్యి ఎత్తి చూసింది. ఆకు కూడా కదలడం లేదు. కదలడానికి ఆకు కూడా లేదు. "వచ్చేస్తిమి. తర్వాత?"

"రెండోది. పక్షులుండే చోట."

పడవ ముందు భాగం మీద ఒక కాకి వాలి ఉంది. మా ఆయన దాన్ని చూపించాడు. "ఉండాది. పోనీ ముందుకు."

"మూడోది... నీకు నచ్చిన చోట."

అక్క ఎదురుగా ఉన్న తెల్లటి నేలనే కొంచెంసేపు చూసింది. "ఇది కాదు," అంది. అంత మెల్లగా అనడం నేనెప్పుడూ వినలేదు. పడవాయన తల గోక్కున్నాడు. ఆపైన సంగటి తిన్నాము. ఆయనకూ ఒక ముద్ద పెట్టాము. ఊరుమిండి కారానికి ఆయన రెండు చెంబులు నీళ్ళు తాగాడు. మోసుకొచ్చిన క్యాన్లు అలా పనికొచ్చాయి.

తిరిగి బయల్దేరేటప్పుడు మూట దగ్గర తగాదా వచ్చింది. మా ఆయన దాన్ని సంచిలో కుక్కుతున్నాడు.

"యాడికి తీసకపోతావయ్యా?" అన్నాను.

"ఇంటికి. పోతిమి, వస్తిమి, అయిపాయ."

"నీళ్ళే సూడలే. పయనం యాడ అయింది? గడప లోపలికి తెస్తే అక్కకు మంచిది కాదు."

"మళ్ళీ పక్కింట్లో పెడితే ఆయమ్మ మనల్ని బతకనిస్తాదా?"

ఇది మా ఇద్దరికీ తెలిసిన భయమే. అప్పుడు అక్క, "ఈ అప్ప ఇంట్లోనే పెట్టండి," అంది. "వానలు పడినంక నీళ్ళొస్తాయంట కదా. మూట ముందే వచ్చి కూసుందనుకుందాము. మిగతాది తర్వాత వస్తాది."

పడవాయన ఇల్లు ఒడ్డు మీదే. ఆయన భార్యకు ఈ పద్ధతి రెండుసార్లు చెప్పాము. ఆమె మూటను, దాంతోపాటు మా ఆయన వద్దనుకున్న ట్యూబును, తీసుకుంది. "లోపలేముందక్కా?" అంటే, "చీర, బియ్యం" అన్నాను. "అంతేనా," అంది, కొంచెం నిరాశగా.

ఊళ్ళో పక్కింటామె గుమ్మంలోనే ఉంది. "ఏమొదినా, నీళ్ళు బాగున్నాయా?" "లోతు తక్కువ," అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ తరువాత ఏడెనిమిది నెలలు నా నోటుబుక్కులో రెండు రకాల రాతలు ఉన్నాయి. ఒకటి, పడవాయన భార్య ఫోన్ చేసి చెప్పే నీళ్ళ సంగతి. "ఇంకా దుమ్మేనక్కా." "చినుకు పడింది." "పాదం మునిగింది." రెండోది, కుప్పంలో అక్క కంటి పరీక్షల సంగతి. డాక్టరు ప్రతిసారీ యంత్రంలో చూసి ఒక గుండ్రటి బొమ్మ కాగితం ఇస్తాడు. అందులో నల్లగా ఉన్నంత మేర చూపు లేనట్టు. నలుపు చుట్టూ నుంచి మధ్యకు జరుగుతూ వచ్చింది. సరస్సు నిండుతూ ఉంటే ఆ బొమ్మ ఎండుతూ ఉంది. అక్క మాత్రం ఏమీ అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "మన మూట ఎట్లుండాది?" అని మాత్రమే అడిగేది.

కార్తీకం వానలు మాకూ బాగా పడ్డాయి. చెరువుకు నీళ్ళొచ్చాయి. ఎండిన బోరు లేచింది. ఉన్న నేలంతా టమాటా వేశాము. సరిగ్గా మొదటి కోతకు కాయ రంగు తిరిగే వేళ పడవాయన భార్య ఫోన్ చేసింది. "నడుము లోతు వచ్చిందక్కా. వానలు కూడా నిలిచినాయి. ఇప్పుడొస్తే బాగుంటాది. మళ్ళీ వాన పట్టిందంటే పడవలు తియ్యనీరు."

నేను చెప్పగానే మా ఆయన, "ఇప్పుడెట్లా?" అన్నాడు. "కోత ఉండాది. మదనపల్లె మార్కెట్లో ధర నిలబడి ఉండాది. సంక్రాంతి దాటనీ."

"డాక్టరు ఏం చెప్పినాడో నీకు తెలుసు కదా."

"తెలుసు. కాయకు తెలీదు కదా."

అప్పుడు నాకు తట్టింది. నీళ్ళు లేనప్పుడు మాకు సెలవు, నీళ్ళున్నప్పుడు మాకు పని. ఈ లెక్కన మేము నీళ్ళను చూడటానికి పోయే రోజు పంచాంగంలోనే లేదు. అయ్యవారు వేళ్ళు లెక్కబెట్టినప్పుడు ఆ సంగతే చెప్పి ఉంటే ఆయనకూ నాకూ శ్రమ తప్పేది.

"కోతకు కూలోళ్ళను మాట్లాడుకో. కాయల్ని నువ్వు సూసుకో," అన్నాను. "మా అక్కను నేను తీసకపోతా."

"ఒంటిగానా? బస్సులెట్లా తెలుస్తాయి?"

"బోర్డులుంటాయి."

అక్కను కుప్పం నుంచి పిలిపించాను. ఆమె వచ్చిన మరుసటి పొద్దున మా ఆయన బస్టాండు దాకా వచ్చి, క్యాను ఎక్కించి, కండక్టరు వినేటట్టు, "మా వాళ్ళకు సదువొచ్చు" అన్నాడు. ఆయనకు అది చెప్పడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్కపెట్టే ఓపిక ఆ పూట నాకు లేదు.

రేవు దగ్గర దిగితే రేవు బోర్డు నీళ్ళ పక్కన ఉంది. బోర్డు చెప్పింది నిజమైంది. పడవాయన భార్య మా మూటను కడిగిన పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇచ్చింది. అక్క దాన్ని విప్పి, ఆకుపచ్చ చీరను వాళ్ళింట్లోనే కట్టుకొని వచ్చింది. బియ్యానికి పురుగు పట్టింది, నీళ్ళలో వేశాము. ఏవో చేపలు తిన్నాయి.

పడవ ఇంజిను కొంతదూరం చప్పుడు చేసి, రెండు దిబ్బల నడుమకు వచ్చాక ఆగింది. పడవాయన రాయిని వదిలాడు. అది అడుగు తాకిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఏమీ లేదు. నీళ్ళు పడవ పక్కను మెల్లగా నాకుతున్నాయి, అంతే. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అని నేను మనసులో మొదలుపెట్టాను. తరువాతి మాట నాకూ దొరకలేదు.

అక్కకు అప్పటికి నడిమి చూపు కొంచెమే మిగిలింది. ఒక్క చూపులో నీళ్ళంతా పట్టడం లేదు. అందుకని తలను మెల్లగా తిప్పుతూ, కొంచెం చూసి, ఆగి, మళ్ళీ పక్కకు తిప్పి, ఇంకొంచెం చూస్తోంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని నేను వాక్యం చదివేది అట్లాగే. మధ్యలో కదిలిస్తే మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. అందుకని నేను మాట్లాడలేదు.

చాలాసేపటికి పడవాయన గొంతు సవరించుకొని, "ఇంకో సోటుండాదమ్మా, పక్షులు వస్తాయి. పోదామా?" అన్నాడు.

"ఉండప్పా," అంది అక్క, తల తిప్పకుండానే. "ఈడనే ఇంకా సగం సూడలే."